గంజాయి గమ్మీ: ఎంత, ఎవరికి, ఎవరికి వద్దే వద్దు

(వైద్య సలహాల శీర్షిక)

గంజాయి గురించి ఈ శీర్షికకు ఇంతకుముందు వచ్చే ఉత్తరాలలో ఎక్కువ భాగం పిల్లల అలవాటును మాన్పించడం ఎలా అని అడిగే తల్లిదండ్రులవే. ఇటీవల కెనడా, అమెరికాల నుంచి వస్తున్న ఉత్తరాల వరస వేరు. అక్కడ చట్టబద్ధంగా దుకాణంలో అమ్మే గంజాయి గమ్మీని (నమిలి తినే మెత్తని మిఠాయిని) అమ్మానాన్నలకు ఇవ్వవచ్చా, ఇస్తే ఎంత ఇవ్వాలి అని పిల్లలే అడుగుతున్నారు. ఈసారి శీర్షిక మొత్తం ఆ ప్రశ్నలకే కేటాయించాము. ఇక్కడ చెప్పే మోతాదులు పొట్లం మీద మిల్లీగ్రాములు ముద్రించి, ప్రయోగశాలలో పరీక్షించి అమ్మే ప్రాంతాలకు మాత్రమే వర్తిస్తాయని ముందే మనవి.

ప్రశ్న: మా నాన్నగారికి 72 ఏళ్లు. గుంటూరు నుంచి ఆరు నెలలు ఉండడానికి మా దగ్గరకు వచ్చారు. మోకాళ్ల నొప్పులతో రాత్రిళ్లు నిద్రపట్టడం లేదు. బీపీకి, షుగరుకు మందులు వాడుతున్నారు. మూడేళ్ల క్రితం స్టెంట్ వేశారు కనుక రక్తం గడ్డకట్టకుండా ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్ కూడా వేసుకుంటారు. పడుకునే ముందు సగం గమ్మీ ఇస్తే హాయిగా నిద్రపోతారని ఇక్కడి స్నేహితులు అంటున్నారు. సగం ఇవ్వవచ్చా?
– ఒక పాఠకురాలు, టొరంటో

జవాబు: అమ్మా, ‘సగం’ అనేది మోతాదు కాదు. ఒక కంపెనీ గమ్మీలో 2 మిల్లీగ్రాముల టీహెచ్‌సీ ఉంటే మరొక కంపెనీ గమ్మీలో 10 ఉంటుంది. టీహెచ్‌సీ అంటే గంజాయిలో మత్తును కలిగించే పదార్థం. కెనడాలో తినే పదార్థాల పొట్లం మొత్తానికి 10 మిల్లీగ్రాములకు మించి టీహెచ్‌సీ ఉండకూడదన్న నియమం ఉంది. కాబట్టి పొట్లంలో ఒకే ఒక గమ్మీ ఉంటే ఆ పదీ అందులోనే ఉండే అవకాశం ఉంది. దానిలో సగం అంటే 5 మిల్లీగ్రాములు. ఎన్నడూ గంజాయి ఎరుగని 72 ఏళ్ల మనిషికి అది మొదటి రోజున చాలా ఎక్కువ.

అయితే అంకెల కన్నా ముందు చూడవలసింది మీ నాన్నగారి గుండె. టీహెచ్‌సీ గుండె వేగాన్ని పెంచుతుంది, రక్తపోటును ఒకసారి పెంచి మరొకసారి దించుతుంది. ఆరోగ్యవంతుడైన యువకుడికి ఇది కాసేపు దడగా మాత్రమే తెలుస్తుంది. రక్తనాళాలు మూసుకుపోయి స్టెంట్ వేయించుకున్న వారిలో అదే దడ గుండెకు ఆక్సిజన్ అవసరాన్ని పెంచి ప్రమాదం తెచ్చిపెట్టగలదు. కెనడా గుండె వైద్యుల పత్రికలో 2019లో ప్రచురితమైన ఒక ఉదంతం అచ్చంగా మీ నాన్నగారి వంటి వారిదే. గుండె జబ్బు ఉన్న 70 ఏళ్ల వ్యక్తి నొప్పి తగ్గి నిద్రపడుతుందన్న ఆశతో 90 మిల్లీగ్రాముల టీహెచ్‌సీ ఉన్న లాలీపాప్‌లో అధిక భాగం తినేశాడు. కొద్దిసేపటికే భయంకరమైన భ్రమలు, ఛాతీనొప్పి వచ్చి, గుండెపోటుతో ఆసుపత్రిలో చేరాడు. మొదటిసారి తీసుకునేవారికి సాధారణంగా చెప్పే మోతాదు 2.5 మిల్లీగ్రాములు. ఆ లాలీపాప్ మొత్తంలో ఉన్నది దానికి ముప్పై ఆరు రెట్లు.

కాబట్టి స్టెంట్ వేసిన వైద్యుడిని గానీ, అక్కడి హృద్రోగ నిపుణుడిని గానీ అడగకుండా ఇవ్వవద్దు. ఆయన మందుల జాబితా మొత్తం, మన ఊరి నుంచి తెచ్చుకున్న ఆయుర్వేద మాత్రలతో సహా, ఫార్మసిస్టుకు చూపించండి. ఇంకొక చిక్కు ఉంది. గంజాయిలోనే మత్తు కలిగించని మరొక పదార్థం సీబీడీ. ‘మత్తు లేదు కదా, సీబీడీ మాత్రమే ఇస్తాం’ అని కొందరు అంటారు. కానీ క్లోపిడోగ్రెల్ కాలేయంలో ఒక ఎంజైము సాయంతోనే పనిచేసే రూపంలోకి మారుతుంది. సీబీడీ ఆ ఎంజైమునే అడ్డగించగలదు. ఆ మేరకు స్టెంట్‌లో రక్తం గడ్డకట్టకుండా కాపాడవలసిన మందు బలహీనపడే అవకాశం ఉంది.

వైద్యుడు పరిశీలించి సరేనన్నారని అనుకుందాం. అప్పుడు 1 మిల్లీగ్రాముతో మొదలుపెట్టండి, మొదట్లో ఎట్టి పరిస్థితిలోనూ 2.5 దాటవద్దు. 2021లో వివిధ దేశాల నిపుణులు కలిసి ప్రకటించిన సిఫారసులలో కూడా వృద్ధులకు, బలహీనులకు ముందు సీబీడీనే కొద్దికొద్దిగా పెంచుతూ వెళ్లి, అవసరమైతేనే 1 మిల్లీగ్రాము టీహెచ్‌సీ కలిపి, వారానికి 1 మిల్లీగ్రాము చొప్పున మాత్రమే పెంచాలని ఉంది. మీ నాన్నగారి విషయంలో ఆ సీబీడీ మెట్టు కూడా క్లోపిడోగ్రెల్ కారణంగా వైద్యుడే తేల్చవలసినది. పది మిల్లీగ్రాముల గమ్మీని చాకుతో పది ముక్కలు చేస్తే ప్రతి ముక్కలోనూ ఒక మిల్లీగ్రామే ఉంటుందన్న నమ్మకం లేదు, మందు ముక్కంతటా సమంగా పరుచుకోకపోవచ్చు. అందువల్ల తక్కువ మోతాదు గమ్మీలు గానీ, సిరంజితో కొలిచి ఇచ్చే నూనె గానీ కొనడం మేలు.

ఇచ్చే రోజున ఇంట్లో ఎవరైనా మెలకువగా ఉండాలి. నోటి ద్వారా తీసుకున్నది పని మొదలుపెట్టడానికి అరగంట నుంచి రెండు గంటలు, పతాక స్థాయికి చేరడానికి నాలుగు గంటల దాకా పట్టవచ్చు. ప్రభావం పన్నెండు గంటలు కూడా ఉండవచ్చు. రాత్రి పదికి ఇచ్చిన గమ్మీ ఆయన రెండు గంటలకు బాత్రూముకు లేచేసరికి పూర్తి స్థాయిలో పనిచేస్తూ ఉంటుంది. అసలు ప్రమాదం ఎక్కువగా అక్కడే. పడుకున్నవారు ఒక్కసారిగా లేస్తే బీపీ పడిపోతుంది, బీపీ మాత్ర కూడా దానికి తోడవుతుంది. తూలిపడి తుంటి ఎముక విరిగితే మోకాళ్ల నొప్పి చిన్న విషయమైపోతుంది. మంచం నుంచి బాత్రూము దాకా దీపం వెలుగుతూ ఉండాలి, మంచం అంచున రెండు నిమిషాలు కూర్చుని లేవడం అలవాటు చేయాలి. ఆ రాత్రి అల్‌ప్రాజోలం వంటి నిద్రమాత్రలు, మద్యం పూర్తిగా నిషేధం. షుగరు మాత్రలు వాడేవారు అయోమయంగా మాట్లాడితే అది గంజాయి మత్తే అనుకుని ఊరుకోకుండా వెంటనే గ్లూకోమీటరుతో చూడండి, షుగరు పడిపోయినా మనిషి అలాగే ఉంటాడు.

ఇంత శ్రమకు తగిన ఫలం దక్కుతుందా అని మీరు అడగలేదు కానీ, నేనైతే అదే ముందు అడుగుతాను. అమెరికా జాతీయ అకాడమీలు 2017లో వెలువరించిన నివేదిక పెద్దవారిలో దీర్ఘకాలిక నొప్పికి గంజాయి పనిచేస్తుందనడానికి గట్టి ఆధారాలే ఉన్నాయన్నది. నొప్పిపై అధ్యయనం చేసే అంతర్జాతీయ వైద్యుల సంఘం 2021లో ఆ ఆధారాలు చాలవంటూ నొప్పికి దీనిని సిఫారసు చేయలేదు. మోకాళ్ల అరుగుదలకైతే తొడ కండరాలను బలపరిచే వ్యాయామం, పైపూతగా వాడే డైక్లోఫినాక్ జెల్, బరువు తగ్గడం, వైద్యుడు చెప్పిన మేరకు పారాసెటమాల్ వంటివి ముందు వరసలో ఉంటాయి. ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్ వేసుకునేవారు ఐబుప్రోఫెన్ వంటి నొప్పి మాత్రలను సొంతంగా మింగడం కడుపులో రక్తస్రావానికి దారితీయవచ్చు కనుక ఆ దారి కూడా వద్దు. మీరు వ్రాసిన ఉత్తరాన్ని బట్టి చూస్తే ఫిజియోథెరపిస్టును కలిసినట్టు లేదు. నేను అక్కడి నుంచే మొదలుపెట్టేవాణ్ణి.

ప్రశ్న: నా వయసు 26. ఎమ్మెస్ చదవడానికి వచ్చి సియాటిల్‌లో ఉంటున్నాను. ఇంతవరకు సిగరెట్ కూడా తాగలేదు. ఈ వారాంతంలో స్నేహితులతో మొదటిసారి గమ్మీ ప్రయత్నించాలనుకుంటున్నాను. ఒక గమ్మీ అంటే ఒక డోసు అని డబ్బా మీద ఉంది. అదే సరైనదా?
– ఒక పాఠకుడు, సియాటిల్

జవాబు: డబ్బా మీద ఉన్నది చట్టం అనుమతించిన గరిష్ఠ పరిమాణమే తప్ప మొదటిసారి తినేవారి మోతాదు కాదు. వాషింగ్టన్, కాలిఫోర్నియా రాష్ట్రాలలో ఒక డోసుకు 10 మిల్లీగ్రాములు, పొట్లానికి 100 మిల్లీగ్రాములు పరిమితి. అమెరికా మాదకద్రవ్య పరిశోధన సంస్థ 2021లో పరిశోధనల కోసం ఒక ప్రమాణ యూనిట్‌ను నిర్ణయించింది, అది 5 మిల్లీగ్రాములు. అంటే ఆ గమ్మీ రెండు యూనిట్లు. తొలిసారి వారికి 1 నుంచి 2.5 మిల్లీగ్రాములే తగినది.

మోతాదు కన్నా పెద్ద ప్రశ్న మీ వీసా. వాషింగ్టన్ రాష్ట్రం 2012లోనే ఓటు ద్వారా అనుమతించినా, ఫెడరల్ చట్టం ప్రకారం గంజాయి ఇంకా నిషిద్ధమే, ఇమిగ్రేషన్ వ్యవహారాలన్నీ ఫెడరల్ చట్టం కిందికే వస్తాయి. పౌరసత్వం లేనివారు వాడినట్టు అధికారి ముందు ఒప్పుకోవడం కూడా తిరిగి దేశంలోకి రానివ్వకపోవడానికి కారణం కాగలదు. గంజాయి వ్యవహారం స్థానికంగా నేరం కాకపోయినా పౌరసత్వానికి అవసరమైన సత్ప్రవర్తన నిరూపణకు అడ్డం రావచ్చని అక్కడి పౌరసత్వ విభాగం 2019లో విస్పష్టంగా ప్రకటించింది. వైద్యుడినే అయినా, మీ స్థానంలో మా ఇంటి అబ్బాయి ఉంటే పట్టా చేతికి వచ్చి, వీసా చిక్కులు తీరేదాకా ముట్టవద్దనే చెప్తాను. ఉద్యోగాల కోసం చేసే మూత్ర పరీక్షలో ఇది కొన్ని రోజులు, తరచుగా వాడేవారిలో కొన్ని వారాలు కూడా కనబడుతుంది.

అయినా తినదలచుకుంటే, ఆపద ఎక్కడ ఉందో తెలుసుకుని తినండి. 2014 మార్చిలో, కొలరాడోలో అమ్మకాలు మొదలై మూడు నెలలైనా కాకముందే, 19 ఏళ్ల విద్యార్థి ఒకడు 65 మిల్లీగ్రాముల టీహెచ్‌సీ ఉన్న బిస్కట్టులో దుకాణంవారు చెప్పినట్టే ఒక చిన్న ముక్క తిన్నాడు. అరగంట, గంట గడిచినా ఏమీ తెలియకపోవడంతో మిగిలినదంతా తినేశాడు. రెండున్నర గంటల తరువాత పొంతన లేని ప్రవర్తనతో నాలుగో అంతస్తు బాల్కనీ నుంచి దూకి మరణించాడు. మొదటి ముక్క వరకు అతడు జాగ్రత్తగానే ఉన్నాడు. అతడిని బలిగొన్నది ‘ఇంకా ఎక్కలేదే’ అన్న ఆ గంట.

ఈ ఆలస్యానికి కారణం కాలేయం. పీల్చిన గంజాయి ఊపిరితిత్తుల నుంచి నేరుగా రక్తంలోకి, మెదడుకు చేరుతుంది, నిమిషాలలో తెలుస్తుంది, సాధారణంగా రెండు నుంచి నాలుగు గంటలలో దిగిపోతుంది. తిన్నది మాత్రం జీర్ణమై కాలేయం చేరి, అక్కడ టీహెచ్‌సీలో కొంత భాగం మెదడుకు ఇంకా సులువుగా చేరే మరొక రూపంగా మారుతుంది. నెయ్యి, వెన్న, నూనె ఎక్కువగా ఉన్న భోజనం మీద తింటే రక్తంలోకి చేరే పాలు పెరుగుతుంది కనుక బిర్యానీ తిన్న రోజున, ఖాళీ కడుపుతో ఉన్న రోజున అదే గమ్మీ ఒకేలా ఉండదు. కనుక 2.5 మిల్లీగ్రాములు తిన్న తరువాత ఆ రోజుకు అంతే. రెండో ముక్క గురించి మరునాడు ఆలోచించండి. పీల్చేవారైతే నేటి గంజాయిలో టీహెచ్‌సీ 20 శాతం దాటడం మామూలే కనుక 10 శాతం లోపు ఉన్నది ఎంచుకుని, ఒక్క దమ్ము పీల్చి కనీసం పదిహేను నిమిషాలు ఆగాలి. ఒకే సాయంత్రం బీరు, గమ్మీ కలిపితే వాంతులు, కళ్లు తిరగడం ఖాయమనే అనుకోండి. ఆ రోజు కారు తాళాలు మరొకరి దగ్గర ఉండాలి.

మీ తల్లిదండ్రులలో గానీ, తోబుట్టువులలో గానీ ఎవరికైనా స్కిజోఫ్రీనియా, బైపోలార్ వంటి మానసిక వ్యాధులు ఉంటే మీకు సురక్షితమైన మోతాదు అంటూ ఏదీ లేదు. మన ఇళ్లలో ఇటువంటి విషయాలు పిల్లలకు చెప్పరు. అమ్మకు ఫోను చేసి అడగడం ఇబ్బందిగానే ఉంటుంది, అయినా అడగండి.

ప్రశ్న: హోలీకి ధూల్‌పేట వైపు భంగు తాగుతారు కదా. ఎన్ని గ్లాసుల వరకు ఫర్వాలేదు?
– ఒక పాఠకుడు, హైదరాబాదు

జవాబు: గ్లాసులో ఏమున్నదో కలిపినవారికే తెలియనప్పుడు గ్లాసుల లెక్క చెప్పడం నా వల్ల కాదు. 1985 నాటి మాదకద్రవ్యాల నిరోధక చట్టం గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొమ్మ చివరలనే నిర్వచించి, విడిగా ఉన్న ఆకులను (భంగుకు నూరేది ఈ ఆకునే) ఆ నిర్వచనం నుంచి మినహాయించి రాష్ట్రాల చట్టాలకు వదిలిపెట్టింది. దానివల్ల ఆకు ప్రమాదం లేనిదని కొందరు భావిస్తున్నారు. ఆకులో కూడా టీహెచ్‌సీ ఉంటుంది, పాలలోని కొవ్వు, బాదం పప్పు దానిని ఇంకా బాగా ఒంటికి పట్టిస్తాయి. పైగా నూరిన ముద్దలో పూత కలవలేదని ఎవరు హామీ ఇస్తారు? ఆ పూతే గంజాయి. అది ఎంత కొద్దిగా దగ్గర ఉన్నా నేరమే. ఒక కిలో లోపు దొరికినా ఏడాది వరకు జైలు, పదివేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఆంధ్ర–ఒడిశా సరిహద్దు నుంచి పొట్లాలుగా వచ్చే సరుకుకు కూడా ఇదే వర్తిస్తుంది, దాని మోతాదు గురించి దయచేసి నాకు వ్రాయవద్దు.

ప్రశ్న: మా అమ్మగారికి 68 ఏళ్లు. గుండె కవాటం మార్చినప్పటి నుంచి అసిట్రోమ్ వాడుతున్నారు. నడుము నొప్పికి ఆన్‌లైన్‌లో అమ్మే ‘విజయ’ నూనె చుక్కలు మంచివని, ఆయుర్వేదం కనుక దుష్ఫలితాలు ఉండవని బంధువులు చెబుతున్నారు.
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: వద్దండి. విజయ అంటే గంజాయి మొక్కే. ఆయుర్వేదం కూడా దానిని నిరపాయమైనదిగా చూడలేదు. మన ఔషధ నియమావళిలోనే అది వైద్యుల పర్యవేక్షణలో మాత్రమే వాడవలసిన విషద్రవ్యాల జాబితాలో ఉంది. ఇక అసిట్రోమ్, వార్ఫరిన్ రెండూ రక్తం గడ్డకట్టకుండా చేసే, ఒకే కోవకు చెందిన మందులు. వాటిని కాలేయంలో విచ్ఛిన్నం చేసే ఎంజైమును గంజాయి పదార్థాలు నెమ్మదింపజేయగలవు, అప్పుడు మందు రక్తంలో పేరుకుంటుంది. వార్ఫరిన్ వాడుతూ గంజాయి పదార్థాలు మొదలుపెట్టినవారిలో ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతున్నదో తెలిపే కొలత) బాగా పెరిగిన ఉదంతాలు వైద్య పత్రికలలో నమోదయ్యాయి. కృత్రిమ కవాటం ఉన్నవారికి ఐఎన్ఆర్ పెరిగితే రక్తస్రావం, తగ్గితే కవాటం మీద గడ్డ. మధ్యనున్న ఆ సన్నని దారి తప్పకుండా ఉండడానికే కదా ఇన్నేళ్లుగా క్రమం తప్పకుండా రక్తపరీక్ష చేయిస్తున్నారు. ఇప్పటికే చుక్కలు మొదలుపెట్టి ఉంటే దాచకుండా గుండె వైద్యుడికి చెప్పి వెంటనే పరీక్ష చేయించండి. చుక్కలు ఆపినా ఐఎన్ఆర్ మారుతుంది కనుక ఆపిన తరువాత మళ్లీ ఒకసారి చేయించాలి.

ప్రశ్న: మా మామగారు ఫ్రిజ్‌లో ఉన్నవి మామూలు చాక్లెట్లనుకుని నా గంజాయి చాక్లెట్లు రెండు తిన్నారు. రెండు గంటల తరువాత ‘నేను చనిపోతున్నాను’ అంటూ వణికిపోయారు. పెరుగు, నిమ్మరసం ఇచ్చాం. తెల్లవారేసరికి తేరుకున్నారు. సరిగ్గానే చేశామా?
– ఒక పాఠకురాలు, న్యూజెర్సీ

జవాబు: పెద్దాయన క్షేమంగా ఉన్నారు కనుక సంతోషం. పెరుగు, నిమ్మరసం వల్ల హాని లేదు గానీ, ఆయనను తేర్చింది కాలమే, టీహెచ్‌సీకి ఇంట్లో విరుగుడు లేదు. వాంతి చేయించే ప్రయత్నం మాత్రం చేయకూడదు, మత్తులో ఉన్నవారికి అది ఊపిరితిత్తులలోకి పోవచ్చు. అటువంటప్పుడు వెలుతురు తగ్గించిన గదిలో పడుకోబెట్టి, పక్కనే కూర్చుని, ఇది తిన్నదాని ప్రభావమనీ కొన్ని గంటలలో దిగిపోతుందనీ నెమ్మదిగా మళ్లీ మళ్లీ చెప్పాలి. ఏమి తిన్నారో ఆయనకు తెలియకపోవడమే సగం భయం. కోడలిగా చెప్పడానికి సంకోచించి ఉంటారు, కానీ అప్పుడు నిజం చెప్పడం కూడా చికిత్సలో భాగమే. అమెరికాలో ఎక్కడి నుంచైనా 1-800-222-1222కు ఫోను చేస్తే విషప్రభావ నిపుణులు రాత్రీ పగలూ ఉచితంగా సలహా ఇస్తారు. ఛాతీనొప్పి, స్పృహ తప్పడం, మూర్ఛ, శ్వాస ఆడకపోవడం, పడి తలకు దెబ్బ తగలడం – వీటిలో ఏదున్నా ఫోను సలహాల కోసం ఆగకుండా 911 పిలవాలి.

మీ ఉత్తరం చివర మూడేళ్ల బాబు ఉన్నాడని వ్రాశారు. ఆ వాక్యమే నన్ను ఎక్కువ కలవరపెట్టింది. మామగారిని ఒక రాత్రి భయపెట్టిన ఆ రెండు చాక్లెట్లు పన్నెండు, పదమూడు కిలోల పిల్లవాణ్ణి గాఢమైన అపస్మారకంలోకి నెట్టగలవు, శ్వాస కూడా మందగించవచ్చు. పిల్లవాడు తిన్నాడన్న అనుమానం వచ్చినా సరే, లక్షణాల కోసం ఎదురుచూడకుండా ఆసుపత్రికి వెళ్లాలి. ఫ్రిజ్‌లో వద్దు, వంటింట్లో వద్దు. వచ్చినప్పటి డబ్బాలోనే ఉంచి, తాళం వేసిన పెట్టెలో, పిల్లలకు అందని ఎత్తులో పెట్టండి. అత్తమామలకు ఆ పెట్టెలో ఏముందో చెప్పండి.

ప్రశ్న: వాంకూవర్‌లో మా అమ్మాయి దగ్గర ఐదు నెలలుగా రోజూ రాత్రి వైద్యుడు చెప్పిన మేరకు 5 మిల్లీగ్రాముల టీహెచ్‌సీ గమ్మీ తీసుకుంటున్నాను. వచ్చే నెల వరంగల్ వెళ్తున్నాను. వైద్యుడి చీటీ ఉంటే కొన్ని తీసుకువెళ్లవచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: ఒక్కటి కూడా తీసుకువెళ్లకూడదు. కెనడాలో గంజాయి కొనడం 2018 అక్టోబరు 17 నుంచి చట్టబద్ధమే గానీ, సరిహద్దు దాటించడం అక్కడి చట్టం ప్రకారమే నేరం, వైద్యుడి చీటీ ఉన్నా సరే. ఇక్కడ దిగితే టీహెచ్‌సీ ఉన్న సరుకును దిగుమతి చేసిన కేసు మీద పడుతుంది. మధ్యలో దుబాయిలో విమానం మారితే అక్కడి చట్టాలు కూడా కఠినమే. సంచుల అరలలో, మందుల డబ్బాలో మిగిలినవి లేవని ప్రయాణానికి ముందు అమ్మాయి చేత మరొకసారి వెతికించండి.

ఐదు నెలలు రోజూ తీసుకున్నారు కనుక ఒక్కసారిగా ఆపితే వారం, రెండు వారాలు నిద్ర పట్టకపోవడం, చిరాకు, ఆకలి మందగించడం, పీడకలలు ఉండవచ్చు. ప్రయాణపు అలసట, పగలూ రాత్రీ తారుమారు కావడం వీటికి తోడైతే కష్టం. అందువల్ల ఇప్పటి నుంచే, మందు వ్రాసిన వైద్యుడికి చెప్పి, వారానికి ఒక మిల్లీగ్రాము చొప్పున తగ్గిస్తూ రండి. బయలుదేరడానికి కనీసం నాలుగైదు రోజుల ముందే పూర్తిగా ఆగిపోయేటట్టు చూసుకుంటే, ఆ తొలి రాత్రుల ఇబ్బంది అమ్మాయి ఇంట్లో ఉండగానే గడిచిపోతుంది.